ఎడమ సంచికే ఎందుకు చిల్లు పడుతుంది

సైకిల్ క్యారియర్‌కి రెండు పక్కలా తగిలించుకునే వాటర్‌ప్రూఫ్ సంచులు నావి. రెండూ ఒకే జత, ఒకే రోజు కొన్నవి. అయినా అరిగేది మాత్రం ఎడమదే. సైకిల్‌ని గోడకి ఆనించేది ఆ వైపే. ల్యాప్‌టాప్, ఛార్జర్, తాళం అన్నీ అందులోనే. ఆఫీసుకి చేరాక నేల మీద పడేసేదీ, లిఫ్ట్‌లో కాలితో పక్కకి నెట్టేదీ దాన్నే. కుడి దాంట్లో మార్చుకునే బట్టలు, టవల్ తప్ప ఏమీ ఉండవు. అది ఇంటికొచ్చిన కొత్త అల్లుడిలా ఏ పనీ తగలకుండా హాయిగా ఉంది.

మొన్న వానలో వచ్చాక ల్యాప్‌టాప్ కవరు అడుగు భాగం తడిగా తగిలింది. వెంటనే చిల్లు అనుకోకూడదు. నీళ్లు బయటికి పోనివ్వని సంచిలో చెమట బట్టలు, తడి టవల్ పెడితే ఆ చెమ్మ లోపలే తిరిగి గోడలకి పడుతుంది. అందుకే ముందు సంచి ఖాళీ చేసి, బాగా ఆరబెట్టి, అడుగున టిష్యూ కాగితం పరిచి, మూతి మడిచి, పంపు కింద బయటి నుంచి నీళ్లు పోశాను. ఒక మూల కాగితం తడిసింది. ఇప్పుడు నమ్మాను.

చిల్లు వెతకడానికి చీకటి గదిలో సంచి లోపల ఫోన్ టార్చ్ పెడతారు చాలామంది. గుడ్డ మీద చిల్లులకి అది చాలు. కానీ వెనక గట్టి ప్లాస్టిక్ పలక ఉన్న చోట వెలుతురు బయటికి రాదు, అసలు కారేది చాలాసార్లు అక్కడే. నేను లోపల నీళ్లు పోసి వేలాడదీసి చూస్తాను. బకెట్‌లో ముంచి బుడగలు చూడటం కూడా పనిచేస్తుంది గానీ, మూతి దగ్గర వచ్చే బుడగలకి టెన్షన్ పడక్కర్లేదు. మడిచి మూసే మంచి సంచులకి సాధారణంగా ఇచ్చే రేటింగ్ ఐపీ64. అంటే దుమ్ము దూరదు, ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా ఆగుతాయి. నీళ్లలో ముంచినా ఆగుతుందని దానికి అర్థం కాదు.

నా సంచికి రెండు చోట్ల కారింది. ఒకటి కింది మూల, పలక అంచు క్యారియర్ కడ్డీకి ఒరుసుకునే చోట. రెండోది హుక్కు స్క్రూ పక్కన, అక్కడ వాషర్ నలిగిపోయింది. రెండోది కొత్త రబ్బరు వాషర్ వేసి బిగిస్తే అయిపోయింది.

మొదటిదే అసలు పని. ఇక్కడ గుడ్డ ఏమిటో తెలియాలి. లోపలా బయటా టార్పాలిన్‌లా నున్నగా మెరుస్తూ ఉంటే అది పీవీసీ పూత. బయట మామూలు బట్టలా ఉండి లోపలి వైపే మెరుస్తుంటే ఎక్కువగా పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసిన నైలాన్. జర్మనీలో 1982లో మొదలైన ఆర్ట్‌లీబ్ కంపెనీ తొలి సంచులు కుట్టింది లారీల మీద కప్పే టార్పాలిన్‌తోనే. నాదీ ఆ జాతి గుడ్డే. ఇందులో బలమిచ్చేది మధ్యలో ఉన్న పాలిస్టర్ నేత, నీళ్లని ఆపేది పైపూత. పూత అరిగి తెల్ల దారం కనపడిందంటే, చిల్లు పడకపోయినా ఆ దారం వెంట నీళ్లు లోపలికి పాకుతాయి.

ఈ గుడ్డకి పంక్చర్ ప్యాచ్ అతికిద్దామని చూడకండి. ఆ సొల్యూషన్ ట్యూబ్ రబ్బరు కోసం చేసింది, పీవీసీని పట్టుకోదు. మామూలు టేపు మొదట బాగానే అంటుతుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా జిగురులోకి దిగి, కొన్నాళ్లకి టేపు జారిపోయి జిగట మిగులుతుంది. అందుకే టియర్‌ఎయిడ్ లాంటి ప్యాచ్‌లలో రెండు రకాలుంటాయి. పీవీసీకి ‘టైప్ బీ’, మిగతా చాలా గుడ్డలకి ‘టైప్ ఏ’. పీయూ నైలాన్‌కైతే సీమ్‌గ్రిప్ లాంటి యూరిథేన్ జిగురు కూడా బాగా పట్టుకుంటుంది. చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లడం నా లెక్కలో ఆఖరి మార్గం. ఈ సంచుల అతుకులు వేడితో కరిగించి కలిపినవి, సూది పడలేదు. ఇప్పుడు సూది దించితే దించిన ప్రతిచోటా కొత్త చిల్లే. బరువుకి పొడుగ్గా చిరిగితే తప్పదు, అప్పుడు కుట్టి దాని మీద రెండు వైపులా ప్యాచ్ వెయ్యాలి.

సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ప్యాచ్‌ని చిల్లు చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా, మూలలు గుండ్రంగా కత్తిరించాను. మూల కోసుగా ఉంటే లేచేది అక్కడి నుంచే. లోపల చెక్క ముక్క పెట్టి గట్టిగా రుద్ది, బరువు పెట్టి రాత్రంతా వదిలేశాను. లోపల ఒకటి, బయట ఒకటి.

దీంతో ఆపేస్తే ఆ ప్యాచ్ కూడా అరిగిపోతుంది. గుడ్డని తినేస్తున్నది హుక్కుల వదులు. క్యారియర్ కడ్డీలు కొన్ని 8 మిల్లీమీటర్లు, కొన్ని 10, కొన్ని 12, లావువి 16 కూడా ఉంటాయి. హుక్కు లోపల కడ్డీకి సరిపడే ప్లాస్టిక్ ముక్క పెట్టుకోవాలి. నా ఎడమ హుక్కులో అది అరిగి సగమైంది. గతుకు వచ్చినప్పుడల్లా టకటకమని చప్పుడు, ఆ కదలికకి మట్టి తోడై గరుకు కాగితంలా రుద్దేది. ముక్క మార్చాను, కింది హుక్కుని పక్కకి ఊగకుండా జరిపాను, కడ్డీకి పాత ట్యూబ్ ముక్క చుట్టాను. చప్పుడు పోయింది.

కొత్తది ఎప్పుడు కొనాలి అంటే, చిల్లు చూసి నేను నిర్ణయించను. లోపలి పూత చేతికి జిగటగా అంటుకుంటూ, పొట్టు రాలుతూ, పులిసిన వాసన వేస్తుంటే పీయూ చెమ్మకి విరిగిపోతోందన్నమాట. అతికించిన ప్యాచ్ ఆ పూతతో సహా ఊడొస్తుంది కాబట్టి రిపేరు దండగ. మూతి మడిచే చోట పీవీసీ గట్టిపడి వరసగా బీటలు వారినా, వెనక పలక హుక్కుల దగ్గర పగిలినా అంతే. హుక్కులు, స్క్రూలు, పట్టీలు మాత్రం విడిగా దొరికే కంపెనీ అయితే వాటి కోసం సంచి మార్చడం నాకు అర్థం లేని పని. కొనేటప్పుడు రంగు కంటే ముందు నేను అడిగేది స్పేర్ పార్టులు ఉన్నాయా అనే.

ఇక బకిల్ ఒకటి మిగిలింది, ఒక కాలు విరిగింది. పట్టీ కుట్టు విప్పకుండా తగిలించేలా, పట్టీ దూరే బకిల్ కడ్డీలో సందు ఉన్నవి దొరుకుతాయి. పట్టీ వెడల్పు కొలిచాను, 25 మిల్లీమీటర్లు. రెండు ఆర్డర్ పెట్టాను, కుడిదానికీ ఎప్పుడో పనికొస్తుంది.