తమ్ముడి మందులు కలిసిన ఊరు

పోయిన డిసెంబర్‌లో ఆఫీసు పని మీద చైనాలోని సుజౌ వెళ్ళాను. హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తాను నేను. మాకు ముడిసరుకు పంపే ఫ్యాక్టరీలో మూడు రోజులు ఆడిట్, నాలుగో రోజు ఖాళీ. అక్కడి నుంచి షాంఘైకి హైస్పీడ్ రైల్లో అరగంట. తోటివాళ్ళు షాపింగ్‌కి బయల్దేరారు. నాకు మాత్రం ఒక ఆసుపత్రి గేటు చూడాలని ఏళ్ళ నాటి కోరిక.

2016లో మా తమ్ముడికి చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ కమిలిన మచ్చలు. ముందు చూపించిన చోట డెంగీ అన్నారు. ఐదు రోజులు అలా పోయాయి. ఎముక మజ్జ పరీక్ష చేశాక అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అని తేలింది. రక్తస్రావంతో రోజుల్లోనే ప్రాణం తీయగల బ్లడ్ క్యాన్సర్ అది. వాడికి ఇచ్చిన ముఖ్యమైన మందులు రెండు. ఒకటి విటమిన్ ఎ జాతికి చెందిన ఆట్రా క్యాప్సూల్స్. రెండోది రోజూ రెండు గంటల పాటు సెలైన్‌లో ఎక్కించే ఆర్సెనిక్. "ఆర్సెనిక్ అంటే పాషాణం కదరా!" అని అమ్మ వార్డులోనే ఏడ్చేసింది. ఆ పాషాణమే వాణ్ని బతికించింది. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు.

షాంఘై స్టేషన్‌కి ఒక ఖమ్మం కుర్రాడు వచ్చాడు. అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నాడు, మా కొలీగ్ వాళ్ళ బంధువు. "ఆసుపత్రి పొద్దున బాగా రష్ ఉంటదన్నా, ముందు యూయువాన్ తోట దిక్కు పోదాం" అన్నాడు. ఆ తోట దగ్గర 1783 నాటి తుంగ్ హాన్ చున్ తాంగ్ అనే మందుల అంగడి ఉంది. మన పచారీ కొట్టులో ఉన్నట్టు గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. కుర్రాడు చెప్పకపోయినా అది మందుల వాసనేనని ముక్కు చెప్పేసింది. ఎండిన వేళ్ళు, నారింజ తొక్క, దాల్చినచెక్క.

షాంఘై వాళ్ళకి చలికాలం అంటే గావ్‌ఫాంగ్ కాలం. గావ్‌ఫాంగ్ అంటే అచ్చంగా లేహ్యమే. డాక్టర్ నాడి పట్టుకుని, నాలుక చూసి చీటీ రాస్తాడు. ఇరవై ముప్ఫై దినుసులు నానబెట్టి, రెండు మూడు సార్లు కషాయం కాచి, అంతా కలిపి మరిగించి చిక్కబరుస్తారు. గాడిద చర్మం నుంచి తీసిన జిగురును బియ్యపు సారాలో కరిగించి పోస్తారు, పటికబెల్లం వేస్తారు. డిసెంబర్ ఇరవై ఒకటి, ఇరవై రెండు తేదీల్లో వచ్చే అతి చిన్న పగలు నుంచి రోజూ పొద్దున్నే ఒక చెంచా వేడినీళ్ళలో కలుపుకుని తాగుతారు. దగ్గర్లోనే మరో చిన్న కొట్టు వెనక వరసగా రాగి గిన్నెలు పొయ్యి మీద ఉన్నాయి. ఒక్కో గిన్నె ఒక్కో మనిషిది, పక్కన నంబరు చీటీ. కాస్తున్న పెద్దాయన గరిటె పైకెత్తాడు. పాకం చుక్కలుగా రాలలేదు, గరిటె అంచున చిన్న జెండాలా వేలాడింది. తర్వాత గిన్నెడు నీళ్ళలో ఒక చుక్క వేశాడు. అది చెదరకుండా ముత్యంలా అడుక్కి దిగింది. మా నానమ్మ అల్లం లేహ్యానికి సరిగ్గా ఇదే పరీక్ష చేసేది. నాకు గొంతు పట్టేసింది.

అక్కడి నుంచి షుగ్వాంగ్ ఆసుపత్రికి నడిచాం. అది సంప్రదాయ చైనా వైద్యం నేర్పే షాంఘై విశ్వవిద్యాలయానికి చెందింది. అయినా కింద సీటీ స్కాన్ క్యూ, పైన ఆక్యుపంక్చర్ అనే సూదుల వైద్యం గది. ఒకే డాక్టర్ రక్తపరీక్ష రాస్తాడు, కషాయమూ రాస్తాడు. ఒక ముసలాయన ఒక చేతిలో స్కాన్ ఫిల్ముల కవరు, రెండో చేతిలో పాల ప్యాకెట్లలా సీలు చేసిన కషాయం ప్యాకెట్లు పట్టుకుని లిఫ్ట్ కోసం నిలబడ్డాడు. ఆ దృశ్యం నాకు చాలాకాలం గుర్తుంటుంది.

ఈ కలయిక దానంతటది రాలేదు. 1950ల్లో ప్రభుత్వమే ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్లను ఏళ్ళ తరబడి చైనా వైద్యం నేర్చుకోవడానికి పంపింది. ఈ ఊళ్ళోనే హువాషాన్ ఆసుపత్రిలో షెన్ జీయిన్ అనే డాక్టర్, ఆస్తమా లాంటి వేర్వేరు జబ్బులున్నా పాత వైద్యం లెక్కలో "మూత్రపిండాల వేడి తగ్గింది" అనిపించుకున్న పేషెంట్ల మూత్రంలో ఒకే హార్మోన్ అవశేషం తక్కువగా ఉందని గమనించారు. పాత మాటకు ల్యాబ్‌లో ఒక ఆధారం వెతకడం నాకు నచ్చింది. అన్నీ అలా నిలబడలేదు. 1958లో ఇక్కడే సూదులతో నొప్పి తెలియకుండా టాన్సిల్స్ తీశారని ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత్తర్వాత అలాంటి ఆపరేషన్లలో మత్తు మందులు కూడా తోడుగా ఇచ్చేవారని బయటపడింది.

"మాకు కూడా చైనా వైద్యం పేపర్ ఉందన్నా. నమ్మాల్నా వద్దా?" అని అడిగాడు కుర్రాడు. నానమ్మ నులిపురుగులకు ఇచ్చే గాడిదగడపాకు రసం గురించి చెప్పాను. ఆ జాతి మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుందని, క్యాన్సర్ కూడా తెస్తుందని తేలాక, అదే జాతికి చెందిన గువాన్ ముతుంగ్ అనే మూలికను 2003లో చైనా ప్రభుత్వమే నిషేధించింది. మందు పాతదా కొత్తదా అన్నది కాదు తమ్ముడూ, ఒక్కో దినుసునూ విడదీసి పరీక్షించారా అన్నదే నేను అడుగుతాను అన్నాను.

మా తమ్ముడి మందు కథ అదే. 1970ల మొదట్లో చైనాలోని హార్బిన్ నగరంలో ఒక పల్లె వైద్యుడి మందు దొరికింది. అందులో పాషాణం, పాదరసం ఉన్న రసకర్పూరం, కప్ప విషం ఉండేవి. హాన్ తాయ్‌యున్ అనే ఫార్మసిస్టు దాన్ని ఇంజెక్షన్‌గా చేశాడు. చైనా వైద్యం నేర్చుకున్న డాక్టర్ జాంగ్ టింగ్‌డాంగ్ ఒక్కోటీ విడిగా వాడి చూశారు. పాదరసం కిడ్నీలకు చేటు, కప్ప విషం బీపీ పెంచుతోంది. రెండూ తీసేశారు, పాషాణం మిగిలింది. ఇక్కడ షాంఘైలో రుయిజిన్ ఆసుపత్రి డాక్టర్ వాంగ్ జెన్‌యీ 1980ల్లో ఆట్రాతో ఈ జబ్బును లొంగదీశారు. ఆయన శిష్యుడు చెన్ జూ బృందం 61 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి ఆట్రా, ఇంకో గుంపుకి పాషాణం, మూడో గుంపుకి రెండూ కలిపి ఇచ్చి 2004లో ఫలితాలు ప్రచురించింది. జబ్బు పుట్టించే ప్రొటీన్ ఒక్కటే. ఒక కొసను ఆట్రా పట్టుకుంటుంది, ఇంకో కొసను పాషాణం.

మధ్యాహ్నం రుయిజిన్ చేరాం. రోడ్డు పొడుగునా ప్లేన్ చెట్లు, ఫుట్‌పాత్ మీద అరచేతులంత ఎండుటాకులు. లోపలికి వెళ్ళే పని నాకేం లేదు. గేటు ఫోటో తీసి తమ్ముడికి పంపాను. ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది: "అన్నా, నా తరఫున ఒక దండం పెట్టు."

బ్యాగు కింద పెట్టి, చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కాసేపు చూసి, ఏమనుకున్నాడో, తన టోపీ సర్దుకుని తల వంచాడు.