మా చేలో దొంగ, మద్రాసులో దొర

కర్నూలు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని మద్రాసు చేరడం గురించి రాయను. ఆ నడుం నొప్పి మా వైపు వాళ్లందరికీ తెలిసిందే. గిండీ మెట్రో దగ్గర దిగి ఐఐటీకి ఆటో అడిగితే మూడు వందలన్నాడు. నాకు తమిళం రాదు, అతనికి తెలుగు రానట్టు నటించాడు, బేరం రెండు వందల దగ్గర ఆగింది. ఆ డబ్బుతో నందికొట్కూరు నుంచి కర్నూలు వెళ్లి, పని చూసుకుని, రెండు టీలు తాగి తిరిగి రావచ్చు. చేతిలో అక్క కట్టిచ్చిన వేరుశనగ ఉండల సంచి, మనసులో ఆటో మీద కోపం. ఆ స్థితిలో మా మేనల్లుడు చదివే చోటికి చేరాను.

గేటు దగ్గర ఆధార్ చూపించి లోపలి బస్సు ఎక్కాం. నాలుగైదు నిమిషాలు పోయాక డ్రైవర్ నడిరోడ్డు మీద ఆపేశాడు. ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. తొంగి చూస్తే చుక్కల జింకల మంద ఒకటి పెళ్లివారిలా తీరుబడిగా రోడ్డు దాటుతోంది. ఒక పిల్ల జింక మధ్యలో ఆగి గిట్టతో చెవి గోక్కుంది. బస్సులో ఇరవై మంది ఉన్నారు, ఒక్కరూ విసుక్కోలేదు, హారన్ మోగలేదు. మన ఊళ్లో అంబులెన్స్‌కు కూడా ఇంత మర్యాద దక్కదు.

"ఇదే ఇంత చూస్తున్నావేమిటి మామా, రేపు పొద్దున కృష్ణజింకల్ని చూపిస్తా" అన్నాడు మేనల్లుడు.

నాకు నవ్వు వచ్చింది. మాది రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గరి పల్లె. కృష్ణజింకను చూడటానికి నేను ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, అదే మా చేలోకి వస్తుంది. శనగ మొలక తేలిందంటే చాలు, రాత్రికి రాత్రే మంద దిగుతుంది. చిన్నప్పుడు నాన్న మంచె మీద పడుకుని డబ్బా వాయిస్తూ దాన్ని తిట్టిన తిట్లతోనే నాకు సగం భాష వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అధికార జంతువు అదేనని బడిలో చెప్పినప్పుడు ఇంటికొచ్చి ఆయనతో అంటే, "అధికారం దానిదే, సందేహం లేదు" అన్నారు. తెలంగాణ అధికార జంతువు చుక్కల జింక. విడిపోయిన రెండు రాష్ట్రాల జంతువులూ తమిళనాడులోని ఒక కాలేజీ ప్రాంగణంలో తగాదా లేకుండా మేస్తున్నాయి.

హాస్టళ్లన్నిటికీ నదుల పేర్లు. గోదావరి, కృష్ణ, తుంగ, భద్ర అని చదువుకుంటూ నడుస్తుంటే సొంత ఊళ్లో ఉన్నట్టే ఉంది. ఆ ధీమాలో సంచి చేతికి వదులుగా తగిలించుకున్నాను. చెట్టు మీద నుంచి ఒక కోతి దిగి, నా వైపు చూడకుండానే, సంచి లాక్కుని ఎక్కిపోయింది. ఉండలు ఒక్కొక్కటీ తీసి తిన్నది. ప్లాస్టిక్ కవరును గాలికి వదిలేసింది.

"ఉండలు పోయాయిరా" అని నేను అంటుండగానే వాడు పొదల్లోకి దూకాడు. ముళ్లు గీరుకుంటున్నా ఆగలేదు. పావుగంట వెతికి కవరు పట్టుకొచ్చి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లమ్మ రెండు రోజులు కూర్చుని చేసిన ఉండల గురించి ఒక్క మాటా అనలేదు. నాకు ఒళ్లు మండింది.

తరువాత చెప్పాడు. ఉప్పు, నూనె వాసన తగిలిన కవరును జింకలు గడ్డితో పాటు నమిలి మింగేస్తాయట. అది అరగదు, బయటికి పోదు, కడుపులో ముద్ద కడుతుంది. తిండి నిండినట్టే అనిపిస్తుంది, జంతువు మాత్రం చిక్కి చచ్చిపోతుంది. ఇక్కడ చనిపోయిన జింకలకు పోస్టుమార్టం చేస్తే ప్లాస్టిక్ ముద్దలు బయటపడిన సంగతి పత్రికల్లో వచ్చిందే. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. కర్నూలు నుంచి వచ్చే సంచులకు ఆ కబురు అందలేదు. ఇక కుక్కల సంగతి వేరు. అవి జింకల్ని వేటాడతాయి. కుక్కల్ని బంధిస్తే ఒక వర్గం జంతు ప్రేమికులకు కోపం, వదిలేస్తే ఇంకో వర్గానికి. ఈ తగాదా కోర్టుల దాకా వెళ్లింది. నాకు రెండు పక్షాల మాటా సబబుగానే అనిపించింది, అందుకే ఎవరి పక్షమూ తీసుకోలేదు.

మరుసటి రోజు తెల్లవారకముందే లేపాడు. దారిలో ఈ నేల కథ చెప్పాడు. ఒకప్పుడు ఇదంతా గవర్నర్ల వేట అడవి. అందులోంచి ఒక ముక్క తీసి, పశ్చిమ జర్మనీ సాయంతో 1959లో ఈ విద్యాసంస్థ పెట్టారు. 600 ఎకరాలకు పైనే ఉంటుంది. గోడ అవతల మిగిలిన అడవి 1978లో గిండీ జాతీయ వనమైంది, అది 2.7 చదరపు కిలోమీటర్లు. జాతీయ వనం అన్న మాటకు నాకు నల్లమల గుర్తొస్తుంది. ఇక్కడ గట్టిగా పరుగెత్తితే వనం అయిపోతుంది.

ఆటస్థలం అవతల, చెట్లు పలచబడిన ఖాళీ నేల మీద కనిపించింది. పైన నలుపు, పొట్ట తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. నాలుగు ఆడ జింకలు పక్కన మేస్తున్నాయి. మా చేలో టార్చి వెలుగుకు పారిపోయే వీపును మాత్రమే చూసినవాణ్ని. ఇలా పట్టపగలు నిలబడి, నా ముఖంలోకి చూసే కృష్ణజింకను చూడటం అదే మొదలు. మా దొంగ ఇక్కడ దొర.

అక్కడ ఊడుస్తున్న పెద్దాయన తిరుత్తణి వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు. "చుక్కలవి ఎక్కడపడితే అక్కడ ఉంటాయి సార్. నల్లవి మాత్రం ఈ ఎండ తగిలే చోటే. చెట్లు ఎక్కువైతే వాటికి ఉండబుద్ధి కాదు" అన్నాడు.

ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. కృష్ణజింకకు బయలు కావాలి. దూరం నుంచి శత్రువు కనపడాలి, పరుగెత్తడానికి చోటుండాలి. నీడ పెరిగితే చుక్కల జింకకు పండగ, దీనికి కరువు. మనమేమో మొక్క నాటి ఫోటో దిగితే ప్రకృతిని కాపాడామనుకుంటాం. ఖాళీ గడ్డినేల కనిపిస్తే పనికిరాని బంజరు అంటాం. రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది బట్టమేక పక్షి కోసం. దానికీ గడ్డి బయలే ప్రాణం. చుట్టూ కాలువ నీళ్లొచ్చి పైర్లు మారాయి, బయలు తరిగింది, బట్టమేక కనుమరుగైంది. కృష్ణజింక మాత్రం శనగ రుచి మరిగి బతికింది. ఆ ఖర్చు మా నాన్నలాంటి వాళ్ల ఖాతాలో పడింది. మద్రాసులో కాపాడేవాళ్లకు నెల జీతం ఉంది, జింక తినేది ఎవరి పంటా కాదు. అందుకని వీళ్ల శ్రమను తక్కువ చేయను, ముళ్లపొదలో కవరు వెతికిన పిల్లవాణ్ని కళ్లారా చూశాను. కానీ అక్కడా ఇక్కడా ఒకే కొలమానంతో మాట్లాడేవాళ్లను చూస్తే ఇప్పుడు ఇంకా చిరాకు.

బీచి, కపాలీశ్వరుడి గుడి, టీ నగర్ జనం, ఇవన్నీ అయ్యాయి. చెప్పుకోదగ్గవేమీ లేవు.

ఇంటికొచ్చి నాన్నకు ఫోనులో ఫోటో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూశారు.

"నున్నగా ఉందే! మేత ఎవరిది?"

"సర్కారు నేల నాన్నా, అక్కడి గడ్డే."

కాసేపు ఆలోచించి, పోయిన ఏడాది శనగ నష్టానికి పెట్టుకున్న దరఖాస్తు నకలు ఇనప్పెట్టెలోంచి తీశారు. "ఆ ఫోటో ఒకటి కడిగించుకు రా. ఏ జంతువు మేసిందో గుర్తించలేకపోయామని రాశారు కదా, దీనికి జతచేద్దాం" అన్నారు.