సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో

మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో, తపతి నది ఒడ్డున దత్త జయంతికి మొదలయ్యే యాత్ర ఏకముఖి దత్తుడి పేరిట జరిగేదే అయినా, దూరాభారం లెక్కచేయక వచ్చేవారిలో చాలామంది చూపు గుర్రాల మీదే ఉంటుంది. హైదరాబాదులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికి ఇచ్చే మిత్రుడొకరు బరాత్ కోసం తెల్లగుర్రం కొనాలని బయలుదేరితే, నేనూ ఆయన వెంట వెళ్లాను. దొండాయిచాలో రైలు దిగి, అక్కడి నుంచి జీపులో సంతకు చేరాం.

ఎర్రగోధుమ రంగు కుమ్మైతు, నలుపు, తెల్ల మచ్చల అబలకు, ముఖమూ నాలుగు కాళ్లూ తెల్లగా ఉండే పంచకల్యాణి, ఇలా రంగు రంగుల గుర్రాలు వరుసలు తీరి ఉన్నాయి. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకేలా ఉండే మార్వాడీ జాతి గుర్రాలకు అక్కడ గిరాకీ ఎక్కువ. సౌరాష్ట్ర నుంచి వచ్చే కాఠియావాడీలకూ చెవులు అలాగే ఉంటాయి కానీ, అవి వాటికన్నా కాస్త పొట్టివి. గులాబీ చర్మం మీద తెల్లని వెంట్రుకలున్న గుర్రాన్ని నుక్రా అంటారు. వ్యాపారులు దానిని ఒక జాతిగా చెప్పి అమ్ముతున్నా, నిజానికి అది రంగును బట్టి వచ్చిన పేరు. బరాత్‌కు అందరూ అడిగేది దానినే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం ఒక మూలన కట్టిన భీమ్‌థడీ గుర్రాలు. భీమా నదీ తీరానికి చెందిన ఈ దక్కనీ జాతి ఒకప్పుడు మరాఠా సైన్యాలను మోసింది. ఇప్పుడు ధన్‌గర్ గొర్రెల కాపరుల సామాన్లు మోస్తూ వారితోపాటు ఊరూరా తిరుగుతోంది. ఎత్తు తక్కువ, మెరుపు తక్కువ, అందువల్ల ధరా తక్కువే. కరువు నేల మీద గడ్డీ గాదం తిని రోజంతా నడవగల జంతువుకు సంతలో ఇంత తక్కువ విలువ కట్టడం నాకు అన్యాయంగా తోచింది.

బేరంలో తొలి ప్రశ్న సుడుల గురించే. గొంతు మీద దేవమణి సుడి ఉంటే ధర పెరుగుతుంది, చెడ్డదని పేరుపడిన సుడి ఉంటే ఎంత మంచి గుర్రమైనా వెనక్కి పోతుంది. మా మిత్రుడు సుడులను పట్టించుకోకుండా నేరుగా నోరు తెరిపించాడు. గుర్రానికి ముందరి పాలపళ్లలో నడిమివి రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు ఊడి కొత్తవి వస్తాయి. అయిదేళ్లు నిండాయని చెప్పిన ఒక గుర్రానికి మూల పాలపళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. “భయ్యా, ఇది పిల్ల. బ్యాండు మోతకు నిలవదు” అని చెప్పి ఆయన ముందుకు కదిలాడు. మెత్తటి మట్టిలో చక్కగా నడిచిన మరొక గుర్రాన్ని తారు రోడ్డు మీద నడిపించమని అడిగితే యజమాని ఒప్పుకోలేదు. కాళ్లలోని లోపం చాలావరకు గట్టి నేల మీదే బయటపడుతుంది కనుక, అంతటితో ఆ బేరం ముగిసింది.

చివరికి నచ్చినది నెమ్మదైన ఒక ఆడగుర్రం. మన పశువుల సంతల్లో లాగే దళారి తువ్వాలు కప్పి వేళ్లు పట్టి ధర తెలుపుతుంటే, చుట్టూ ఉన్నవారికి అంకె తెలియలేదు. ధర కుదిరినా, గ్లాండర్స్ వ్యాధి లేదని రక్తపరీక్ష కాగితం చూపేదాకా మిత్రుడు బయానా ఇవ్వలేదు. ఆ వ్యాధి మనుషులకూ సోకుతుంది, సోకిన గుర్రాన్ని చట్టప్రకారం చంపవలసి వస్తుంది. కాబట్టి ఈ పట్టుదలలో ఆయనదే న్యాయమని నాకు అనిపించింది. కాగితం మీద రాసిన రంగు, గుర్తులు ఆ గుర్రానివేనని ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాక, ఆయన డబ్బు చెల్లించి, తోలుకువెళ్లడానికి లారీ మాట్లాడాడు.