పిక్క పట్టేసిందనుకున్నాం

చీలమండ విరిగి వేసిన కట్టు విప్పాక ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంటే, ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అన్నాళ్లు కదలని కాలు, పట్టేసి ఉంటుందనుకున్నాం. అమ్మ నువ్వుల నూనె వెచ్చబెడతానంది. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజను జోరు మీదుంది, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క నా కాలి కోసం ఆగదు. త్వరగా తిరగాలని మాలీషు చేసే బాబాయిని పిలిపించాం.

ఆయన నూనె సీసా మూత కూడా తియ్యలేదు. రెండు పిక్కల మీదా చెయ్యి ఆనించి చూశాడు. ఎడమది వాచి, వెచ్చగా, కాస్త ఎర్రగా ఉంది. "పట్టేసిన కాలైతే నా చేతిలో పని. ఇది నేను ముట్టుకోను అబ్బాయ్, ముందు డాక్టరుకి చూపించు" అన్నాడు. పిలిస్తే వచ్చి ఏమీ చెయ్యకుండా పోతాడేమిటని అమ్మకి కోపం.

కొత్తపేటలో డాక్టరుగారి మొదటి ప్రశ్న, "ఎవరితోనైనా పిసికించారా?" అని. లేదన్నాక డాప్లర్ స్కాన్‌కి పంపారు. అక్కడ జెల్ రాసి తొడ నుంచి కిందికి నొక్కుతూ వచ్చారు. బాగున్న సిర నొక్కగానే తెర మీద చదునైపోతుంది. మోకాలి వెనక నాది ఎంత నొక్కినా అణగలేదు. లోపల రక్తం గడ్డకట్టింది. డీప్ వెయిన్ త్రాంబోసిస్ అన్నారు. పిక్క కండరం కదిలితేనే కాలి సిరల్లో రక్తం పైకి ఎక్కుతుంది; కట్టులో అది కదల్లేదు. ఆ గడ్డని గట్టిగా పిసికితే ముక్క ఊడి, గుండె కుడివైపు గుండా వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కోవచ్చు. ప్రాణం పోవచ్చు. పిసక్కపోయినా ఊడే అవకాశం ఉంది గనక, ఆయాసం గానీ ఛాతీలో పోటు గానీ వస్తే అర్ధరాత్రయినా వచ్చెయ్యమన్నారు. ఆ మాట విన్నాక అమ్మకి బాబాయి మీద కోపం పోయింది, నాకు నిద్ర పోయింది.

రక్తం ఇంకా గడ్డకట్టకుండా పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్లు, వాటితోపాటు వార్ఫరిన్ మాత్రలు. ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె, 2కీ 3కీ మధ్య ఉండాలని మాటిమాటికీ రక్తపరీక్ష. దీంతో గోంగూరకి లెక్క వచ్చిపడింది. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్‌కి ఎదురు పనిచేస్తుందట. మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే పాళ్లలో తినమన్నారు. గుంటూరులో గోంగూరని కొలిచి తినేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

భయంతో మెడ, భుజాలు కొయ్యబారాయి. మాత్రలున్నన్నాళ్లూ గట్టి మాలీషు వద్దన్నారు, లోపల రక్తం కారి కమిలిపోతుందని. నొప్పి మాత్రలు కూడా అడక్కుండా మింగకూడదు. మూడు నెలల మందు పూర్తయి, డాక్టరుగారు సరేనన్నాక బాబాయి మళ్లీ వచ్చాడు. భుజాలు, వీపు మెల్లగా పట్టాడు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. మెడ బిగువుకి, నడుము నొప్పికి మాలీషు కొంతకాలం ఉపశమనం ఇస్తుందని, ఆందోళన తగ్గిస్తుందని ఫిజియోథెరపిస్టు కూడా ఒప్పుకుంది. అయితే నా చీలమండని వంచింది ఆవిడ చేయించిన వ్యాయామాలే, నూనె కాదు. ఒంట్లో విషాలు లాగేస్తామని స్పా బోర్డుల మీద రాసేది నేను నమ్మను.

సెలూన్లో తల పట్టుకుని మెడ టక్కున విరవడం కూడా మానేశాను. మెడ ఎముకల గుండా మెదడుకి పోయే ధమనులున్నాయి. హఠాత్తుగా తిప్పితే లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, అయినా నాకొద్దు.

సాయంత్రానికి ఎడమ పాదం ఇంకా కాస్త వాస్తుంది. దానికిచ్చిన బిగుతు మేజోడు మే నెలలో వేసుకుని తిరగడం ఒక శిక్ష. బాబాయి ఇప్పటికీ కుడికాలే పడతాడు. ఎడమదీ ఫర్వాలేదన్నారు డాక్టరుగారు అంటే, "ఆయన చెప్పింది నీకు, నాకు కాదుగా" అంటాడు.