కుక్క, పిల్లి ఉన్న ఇంట్లోకి పసిబిడ్డ వచ్చినప్పుడు: నా అనుభవం

నేను కడుపుతో ఉన్నానని తెలియగానే చాలామంది అడిగింది ఒకటే: "మరి కుక్కనీ పిల్లినీ ఏం చేస్తారు?" ఎవరికైనా ఇచ్చేయమన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళ భయం అర్థమైంది. కానీ మా కుక్క బ్రౌనీ, పిల్లి చిట్టి మాతో ఏళ్ళుగా ఉన్నాయి. వాటిని పంపకుండా బిడ్డని భద్రంగా పెంచగలమా అని డాక్టరమ్మనే అడిగాను.

ఆవిడ ముందు పిల్లి సంగతి ఎత్తారు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, గర్భంతో ఉండగా అది మొదటిసారి సోకితే బిడ్డకి ప్రమాదం. అయితే మలం బయటపడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుందట. కాబట్టి పిల్లి మలవిసర్జన చేసే లిట్టర్ ట్రే రోజూ శుభ్రం చేయాలి, ఆ పని నేను ముట్టుకోకూడదు. అదే జబ్బు సరిగా ఉడకని మాంసం వల్ల, మట్టి వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా వస్తుందని చెప్పారు. ఆ రోజు నుంచి ట్రే పని మా ఆయనది. రెండింటికీ టీకాలు, నులిపురుగుల మందులు తేదీ దాటకుండా వేయించాం.

పాప వచ్చాక మారబోయేవన్నీ ముందే మార్చేశాం. బ్రౌనీ పడక మా గదిలోంచి హాల్లోకి వచ్చింది. వాకింగ్ వేళలు మారాయి. ఫోన్లో పసిపిల్లల ఏడుపు మొదట చాలా చిన్నగా, రోజురోజుకీ కాస్త పెంచుతూ వినిపించాం. ఇవి ఒక్కసారిగా పాపతోపాటే మారి ఉంటే, తన కష్టాలన్నీ పాప వల్లే వచ్చాయని కుక్కకి అనిపించేది.

ఇంటికొచ్చిన రోజు నేను ముందు ఒక్కదాన్నే లోపలికి వెళ్ళి బ్రౌనీని పలకరించాను. గంతులన్నీ అయి అది నెమ్మదించాకే పాపని తెచ్చారు. లీష్ మా ఆయన చేతిలో ఉంది. దూరం నుంచి పాదాలు వాసన చూడనిచ్చాం, మొహం దగ్గరికి రానివ్వలేదు. తర్వాత వారాల్లో ఒక్క విషయం మీద గట్టిగా నిలబడ్డాం. పాప నిద్రపోయినప్పుడు మాత్రమే కుక్కని ముద్దు చేస్తే, పాప లేచి ఉండటం దానికి నచ్చని సంగతి అయిపోతుంది. అందుకని పాపకి పాలిస్తున్నప్పుడే బ్రౌనీకీ ఏదో ఒకటి తినడానికి పెట్టేవాళ్ళం.

చిట్టితో వచ్చిన చిక్కు ఒక్కటే, వెచ్చగా ఉందని పాప పడుకునే చోటికి చేరేది. చిన్న పిల్లలు మొహం మీద ఏదైనా అడ్డుపడితే తప్పించుకోలేరు. రాత్రిళ్ళు ఆ గది తలుపు మూసే ఉంచాం.

అందరూ మొదటి నెలల గురించే భయపెడతారు. నిజమైన టెన్షన్ మాకు పాప పాకడం మొదలుపెట్టాక వచ్చింది. కదలకుండా పడుకునే బిడ్డ ఒక్కసారిగా తోక పట్టుకునే బిడ్డ అయిపోయింది. అప్పుడు నేను పాపకన్నా కుక్కనే ఎక్కువ గమనించేదాన్ని. నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదాలు నాకడం, మొహం తిప్పేసుకోవడం, కళ్ళ అంచున తెల్లగుడ్డు కనిపించడం, ఒళ్ళు బిగుసుకోవడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని కుక్క చెప్పే తీరు. ఓసారి బ్రౌనీ చిన్నగా గుర్రుమంది. అత్తయ్య కేకలేయబోతే ఆపాను. "వద్దత్తయ్యా, అది మనకి ముందే చెప్తోంది. తిట్టామంటే చెప్పడం మానేస్తుంది, ఇంకోసారి నేరుగా కరుస్తుంది" అన్నాను. పాపని ఎత్తుకుని పక్కకి వచ్చేశాం, అంతే. ఆ తర్వాత అత్తయ్యే నాకన్నా ముందు కనిపెట్టి "దానికి చిరాకేస్తోందే, పిల్లని తీయ్" అనేవారు.

ఆ దశలో బాగా పనికొచ్చింది, పిల్లలు దాటకుండా అడ్డంగా పెట్టే బేబీ గేటు. బ్రౌనీ పడకా తిండిగిన్నే గేటుకి అవతల, అక్కడికి పాప వెళ్ళకూడదు. చిట్టికి పాప చేయి అందనంత ఎత్తులో ఒక అర ఖాళీ చేశాం. తప్పుకునే చోటు ఉన్న జంతువు ఊరికే తిరగబడదు. పాప చేయి నా చేతిలో పెట్టుకుని, వేళ్ళు ముడవకుండా "మెల్లగా, మెల్లగా" అంటూ వీపు మీద నిమిరించేదాన్ని.

జుట్టు, ధూళి వల్ల పాపకి జబ్బులొస్తాయన్న దిగులు నాకూ ఉండేది. ఫిన్లాండ్‌లో 397 మంది పిల్లల్ని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనం చదివాక కాస్త తగ్గింది. కుక్క ఉన్న ఇళ్ళలో పిల్లలకి మొదటి ఏడాది శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు తక్కువగా వచ్చాయట. అలాగని నోటి దగ్గర నాకనివ్వం, ముట్టుకున్నాక చేతులు కడుగుతాం.

ఇప్పుడు పాప నడుస్తోంది, చేతిలో తిండి పట్టుకుని మరీ తిరుగుతోంది. అందుకే పాప తినేటప్పుడు బ్రౌనీ గేటు అవతలే ఉంటుంది. వాళ్ళిద్దరినీ ఒకే గదిలో ఒంటరిగా వదలం. నేను వంటింట్లోకి వెళ్ళాలంటే ఇద్దరిలో ఒకరు నాతో రావాల్సిందే.