నాన్న రాసిన డ్యూటీ చార్టు: కారులో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం

మొదట నేను వేసిన ప్లానులో అన్నీ ఉన్నాయి. ఆక్లాండ్‌లో దిగడం, రొటొరువా వేడినీటి ఊటలు, వెల్లింగ్టన్, అక్కణ్ణుంచి కుక్ జలసంధి దాటే మూడున్నర గంటల ఫెర్రీ, ఆ తర్వాత దక్షిణ ద్వీపం చుట్టూ. మొత్తం 14 రోజులు, రోజుకు 350 కిలోమీటర్లు. ఊళ్ళు దాటితే స్పీడు లిమిటు 100. మనలాగే ఎడమవైపు డ్రైవింగు. మన లైసెన్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. సరిపోతుందనుకున్నాను.

నాన్న ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరుగా చేశారు. మార్కాపురం డిపో. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు మీదే ఎక్కువ డ్యూటీలు పడేవి. ల్యాప్‌టాప్‌లో మ్యాపు పెద్దది చేసి చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని రోడ్డు గీత మీద వేలు పెట్టి మెల్లగా జరిపారు. "కిలోమీటర్లు కాదురా, మలుపులు లెక్కెయ్యి. కొండల్లో రెండొందలంటే పొద్దంతా పడుతుంది. మరి దిగి చూసేదెప్పుడు?" అన్నారు. ఆ సాయంత్రమే పాత డైరీలో ఒక పేజీకి నిలువు గీతలు కొట్టి డ్యూటీ చార్టులా రాశారు. ఊరు, బయలుదేరే టైము, చేరే టైము, నైట్ హాల్ట్. చీకటి పడ్డాక ఒక్క ట్రిప్పు కూడా లేదు.

ఆ పేజీలో పట్టించాలంటే ఆక్లాండ్, రొటొరువా, వెల్లింగ్టన్ ఉన్న ఉత్తర ద్వీపం మొత్తం వదులుకోవాల్సి వచ్చింది. మనసొప్పక రెండు రోజులు తటపటాయించాను. ఇప్పుడు మాత్రం ఎవరు అడిగినా ముందు చెప్పేది అదే: రెండు వారాలే ఉంటే ఒక ద్వీపమే పెట్టుకోండి. సెలవు ఇంకో రెండు రోజులు పెంచి, క్రైస్ట్‌చర్చ్‌లో మొదలై మళ్ళీ క్రైస్ట్‌చర్చ్‌కే చేరేలా గుండ్రంగా వేసుకున్నాం. కారు తీసుకున్న ఊళ్ళోనే తిరిగి ఇచ్చేస్తే వేరే ఊళ్ళో వదిలినందుకు కట్టే డబ్బూ మిగులుతుంది.

ఫిబ్రవరిలో వెళ్ళాం. అక్కడది ఎండాకాలం. మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటారు. అందుకని మొదటి రెండు రాత్రులు క్రైస్ట్‌చర్చ్‌లోనే ఉండి నిద్ర తీర్చుకున్నాకే స్టీరింగు పట్టాలని నాన్న షరతు. ఎయిర్‌పోర్టులో అమ్మ కట్టిన కందిపొడి, కారప్పొడి, ఆవకాయ అన్నీ డిక్లరేషన్‌లో రాసేశాం. ఈ విషయంలో మొహమాటం వద్దు. తిండి వస్తువు దాచినట్టు తేలితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. ఆఫీసరు ఒక్కో ప్యాకెట్టూ తిప్పి చూసి, బూట్ల అడుగున మట్టి ఉందేమో కూడా చూసి పంపించాడు. అడవులకూ పంటలకూ బయటి పురుగూ తెగులూ రాకుండా వాళ్ళు పడే జాగ్రత్త అది. నాకు ఎంతో గౌరవం కలిగింది.

టెకపోలో ఒక రాత్రి, ట్విజెల్‌లో రెండు. పుకాకి సరస్సు మొదటిసారి కనబడ్డప్పుడు కారులో ఎవరమూ మాట్లాడలేదు. అమ్మే ముందుగా, "సున్నం తేటలో నీలిమందు కలిపినట్టుందే" అంది. ఆ రంగుకి కారణం కూడా దాదాపు అలాంటిదే. పైన హిమానీనదాలు కొండరాళ్ళని నూరి పిండి చేస్తాయి. ఆ పిండి నీళ్ళలో తేలుతూ వెలుగుని వెదజల్లుతుంది. సరస్సు చివర 3,724 మీటర్ల ఔరాకి, అంటే మౌంట్ కుక్. దక్షిణ ద్వీపపు న్గాయ్ తాహు ప్రజలకు అది పూర్వీకుడి రూపం, పవిత్రం. 1998 నుంచి రెండు పేర్లూ కలిపే అధికారిక పేరు. మొదటి రోజంతా మబ్బుల్లోనే ఉంది. రెండో ఉదయం ఆరున్నరకి నాన్న తలుపు తట్టి లేపారు. శిఖరం గులాబీ రంగులో ఉంది. ఒక్క రాత్రే పెట్టుకుని ఉంటే అది చూడకుండానే వెళ్ళిపోయేవాళ్ళం.

రోడ్ల గురించి చెప్పాలి. అక్కడ ఎక్కడ చూసినా సింగిల్ లేన్ బ్రిడ్జిలు. మనం వెళ్ళే దిక్కు బాణం పెద్దదిగా, తెల్లగా ఉంటే మనకి దారి. చిన్నదిగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. నేను కొండలు చూస్తూ మొదటిది దాదాపు దాటించేశాను. "ఎర్ర బాణం!" అని నాన్న డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టారు. బ్రేకు వేశాను. అవతలి నుంచి పాలట్యాంకరు వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి బ్రిడ్జికీ ముందే ఆయన "మనది" అనో "ఆగు" అనో చెప్పడం అలవాటైంది.

మిల్ఫర్డ్ సౌండ్ అంటే నిటారు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. క్వీన్స్‌టౌన్ నుంచి అక్కడికి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసేవాళ్ళు చాలామంది. వెళ్ళడానికే దాదాపు 290 కిలోమీటర్లు, నాలుగు గంటలు. తిరిగి అంతే. అది వద్దని చార్టులో టె అనావు అనే ఊళ్ళో మూడు రాత్రులు రాశారు నాన్న. అక్కణ్ణుంచి మిల్ఫర్డ్ 120 కిలోమీటర్లే. మూడెందుకు, రెండు చాలు కదా అని ఇంట్లో వాదించాను. చేరిన మర్నాడు కుండపోత వాన. మిల్ఫర్డ్ రోడ్డు మూసేశారు. ఆ రోజంతా మోటెల్ వంటగదిలో అమ్మ పప్పుచారు పెట్టింది. కిటికీలోంచి సరస్సు మీద వాన చూస్తూ తిన్నాం. మర్నాడు రోడ్డు తెరిచారు.

మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లకు పైగా వాన పడుతుంది. ముందురోజంతా పడ్డ వాన కొండల మీంచి వందల పాయలుగా దిగుతోంది. నల్లటి రాతిగోడల మీద ఎక్కడ చూసినా తెల్లటి దారాలే. వాన అడ్డం పడిందని బాధపడ్డాం గానీ, మాకు ఆ దృశ్యాన్ని ఇచ్చింది ఆ వానే. (అక్కడ సాండ్‌ఫ్లై అనే చిన్న నల్లటి ఈగలు కుడతాయి, దురద వారం దాకా వదలదు. పూత మందు తప్పకుండా పెట్టుకోండి.)

మిల్ఫర్డ్ చేరేముందు దారిలో హోమర్ టన్నెల్. 1935లో పలుగూ పారా పట్టిన కూలీలతో మొదలుపెట్టి 1954లో వాహనాలకు తెరిచారు. 1.2 కిలోమీటర్ల పొడవు, చెక్కిన రాయి చెక్కినట్టే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే కియా వచ్చి మా బానెట్ మీద వాలింది. కొండల్లో బతికే పెద్ద ఆకుపచ్చ చిలుక. వైపర్ రబ్బరు ముక్కుతో పట్టి రెండుసార్లు లాగి, వచ్చేదేమో అని తల వంచి చూసింది. రెక్క విప్పితే అడుగున నారింజ రంగు. దానికి ఏమీ పెట్టకూడదు. మనిషి తిండికి అలవాటు పడితే దాని ప్రాణానికే ముప్పు. గ్రీన్ పడింది. టన్నెల్ లోపలే రోడ్డు బాగా వాలుగా దిగుతుంది, బయటపడగానే హెయిర్‌పిన్ మలుపులు. "బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకు. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు" అన్నారు నాన్న. ఆటోమేటిక్ కారులో లివరు మాన్యువల్‌లోకి ఎలా జరపాలో ముందురోజు వానలోనే కూర్చుని నేర్చేసుకున్నారు ఆయన.

వనాకా నుంచి హాస్ట్ కనుమ మీదుగా పశ్చిమ తీరానికి వెళ్ళే రోజు చాలాసేపు ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, బంకు కనబడ్డ చోటల్లా ట్యాంకు నింపుకున్నాం. ఫ్రాంజ్ జోసెఫ్‌లో రెండు రాత్రులు, హొకిటికాలో ఒకటి.

చివరి రోజు ఆర్థర్స్ పాస్ ఎక్కి దిగాక, కాసిల్ హిల్ సున్నపురాళ్ళ దగ్గర తాళాలు నాన్న చేతిలో పెట్టాను. అద్దె కాగితంలో రెండో డ్రైవరుగా ఆయన పేరు మొదటి రోజే రాయించాను. అన్ని రోజులూ అడగలేదు ఆయన. సీటు జరుపుకున్నారు, అద్దాలు మూడూ సరిచేసుకున్నారు, అమ్మ బెల్టు పెట్టుకుందో లేదో వెనక్కి తిరిగి చూశారు. పది కిలోమీటర్లు వెళ్ళాక వెనక మూడు కార్లు చేరాయి. నేను ఏమీ అనకముందే ఇండికేటర్ వేసి, ఎడమవైపు వెడల్పుగా ఉన్న జాగాలోకి తీసి ఆపారు. మూడూ దాటాయి. చివరిది చిన్నగా హారన్ కొట్టింది.

"ఎందుకు కొట్టాడు?"

"థాంక్స్ చెప్పాడు నాన్నా."

కాసేపు ఆ కారు వెళ్ళిన వైపే చూశారు. తర్వాత కుడివైపు ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, మెల్లగా రోడ్డెక్కించారు.