పుణ్యం మీకు, కబుర్లు నాకు

"పుణ్యం మీరు తెచ్చుకోండి, నాకు కబుర్లు పట్టుకురండి."

మాఘ పౌర్ణమికి నాన్న మా ఊరి దగ్గరి హంసలదీవికి బయల్దేరే ప్రతిసారీ నాయనమ్మ అనే మాట ఇది. ఈసారి పౌర్ణమి ఆదివారం పడింది. నాన్న మోకాళ్లు ఒంటరి ప్రయాణానికి ఒప్పుకోవడం లేదు. అందుకని నేనూ బయల్దేరాను. ఊరికి అంతకుముందు వెళ్లలేదని కాదు. పెళ్లికో చావుకో వెళ్లి, ఎవరో ఒకరి ఇంట్లో అన్నం తిని, అదే రాత్రి బస్సెక్కేసేవాళ్లం. యాత్రగా వెళ్లడం మాత్రం ఇదే మొదలు.

మాది కోడూరు మండలంలో సముద్రం అంచున ఉన్న ఒక పల్లె. పేరు రాయను. రాస్తే ఎవరి ఇంటి సంగతో ఇట్టే తెలిసిపోయేంత చిన్నది. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చినప్పుడు నాన్నకు పదమూడేళ్లు, బాబాయికి ఆరు. తాత ఇద్దరినీ ఇంటి కప్పు మీదికి ఎక్కించి, నాయనమ్మను పైకి తోసి, ముసలి తల్లిని తెస్తానని కిందికి దిగాడు. మళ్లీ రాలేదు. తాటాకు కప్పు ముగ్గురితో సహా తేలి, కొట్టుకుపోయి, ఒక తాడిచెట్టుకు తగులుకుంది. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయంటే చెట్టు మట్టలు చేతికందాయి. నాయనమ్మ కట్టుకున్న చీర చించి పిల్లలిద్దరినీ చెట్టుకు కట్టేసింది. తాటిమట్ట అంచు రంపంలా ఉంటుంది కదా, తెల్లవార్లూ దాన్నే పట్టుకుని ఉన్నందుకు నాన్న ముంజేతుల లోపలి వైపు ఇప్పటికీ తెల్లటి గీతలున్నాయి. చిన్నప్పుడు అవి చేతి రేఖలనుకునేదాన్ని.

ప్రభుత్వ లెక్కలో పోయినవాళ్లు దాదాపు 10 వేలు. దివిసీమలో ఏ గడప దగ్గర అడిగినా ఆ లెక్క ఒప్పుకోరు. రేడియోలో తుఫాను మాట చెబుతూనే ఉన్నారట. "చెప్పారే, కాదనను. తుఫాను ఏటా వచ్చే చుట్టమే కదా అనుకున్నాం" అంటుంది నాయనమ్మ. ఆవిడకు వార్తల పిచ్చి అక్కడే పట్టుకుందని నా అనుమానం.

1978లో ఇద్దరు పిల్లలతో సికింద్రాబాద్ స్టేషన్లో దిగింది. చేప కోయడం తప్ప వేరే పని రాదు. కొన్నాళ్లు గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, తర్వాత రామ్‌నగర్ మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుంది. మృగశిర కార్తె రోజున హైదరాబాద్ అంతా చేపలకు ఎగబడుతుంది చూడండి, మా స్కూలు ఫీజుల్లో సగం ఆ ఒక్క రోజు సంపాదనే. ఆ రోజు మార్కెట్లో ఉండేది రవ్వ, బొచ్చె, కొర్రమీను, అన్నీ చెరువు చేపలు. నాయనమ్మ అందరికీ కోసి ఇచ్చేది, తను ముట్టేది కాదు. "చెరువు చేపకు బురద తప్ప ఏం తెలుసు" అనేది. కొర్రమీను అభిమానులు క్షమించాలి.

ఆవిడకు చదువు రాదు. కానీ బుట్టల అడుగున పరిచిన పాత పేపర్లను, ఎండు రొయ్యల పొట్లాలు విప్పిన కాగితాలను నీచు నీళ్లు దులిపి, మడిచి, కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. అవి బందరు, అవనిగడ్డ వైపు పేపర్లు. అందులో కృష్ణా జిల్లా పేజీలుండేవి. హైదరాబాద్‌లో మాకొచ్చే పేపర్లో ఆ ఊళ్ల పేర్లే కనిపించేవి కావు. వాటిని నా చేత చదివించేది. నాకు తెలుగు చదవడం వచ్చింది స్కూల్లో కాదు, ఆ తడి కాగితాల మీదే. కాలువ చివరికి నీళ్లు రాక ఎండిన నారుమళ్లు, పడవ బోల్తా, గుడి తిరునాళ్ల ఏర్పాట్లు, ఎవరి సంతాప సభో. నెలా రెండు నెలల పాత వార్తలు. అయినా ఆవిడకు అవి ఆ రోజు వార్తలే. సగం చిరిగిపోయిన వార్త దగ్గర ఆగితే "తర్వాతేమైందే?" అని నన్ను అడిగేది, నేనేదో దాచుకున్నట్టు.

ఇప్పుడు ఫోన్లో అవనిగడ్డ పేజీ రోజూ తెరిచి చదివి పెడతాం. అయినా పేపర్లో రాని సంగతులుంటాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. గంగమ్మ గుడికి రంగులేశారా, పెద్దత్త కళ్లు ఆపరేషన్ చేయించుకుందా, ఎవరు కొత్త ఇంజను కొన్నారు, ఎవరు పడవ అమ్ముకున్నారు, సముద్రం ఎంత ముందుకొచ్చింది, బోరు నీళ్లు తీపా ఉప్పా... క్యాలెండర్ వెనక రాసుకుంటూ పోయాను. అన్నీ అయ్యాక, ఏమీ లేనట్టు, దుప్పటి సర్దుకుంటూ అడిగింది. "తాడిచెట్టు కూడా చూసిరా."

శనివారం రాత్రి ఎల్బీ నగర్‌లో ఎక్కిన ప్రైవేటు బస్సు సూర్యాపేట దాటాక ఏసీ ఆగి, అద్దాలు తెరుచుకోక, గంటన్నర ఆలస్యంగా మమ్మల్ని విజయవాడలో దింపింది. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ. అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో అవనిగడ్డ. మోపిదేవి వచ్చేసరికి సగం బస్సు సుబ్రహ్మణ్యేశ్వరుడి కోసం దిగిపోయింది. పుట్టలో పాలు పోసేవాళ్లు, పిల్లలకు చెవులు కుట్టించేవాళ్లు. నాన్న కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్నాడు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. అక్కడ ఉప్పెన స్మారక స్తూపం ఉంది. ఏటా నవంబరు 19న నాయకులు వచ్చి దండలు వేస్తారు. నాన్న ఆ వైపు చూడలేదు. ఎదురుగా కనబడే అక్విడక్టును చూపించి, అందులోంచి కాలువ నీళ్లు నదిని దాటి దివిసీమ పొలాలకు ఎలా వెళ్తాయో స్తూపం వెనకబడేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొట్టాను.

అవనిగడ్డలో స్పెషల్ బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. కోడూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని, గాలిగోపురం సగంలో ఉండగా కోడి కూయడంతో వదిలేసి వెళ్లిపోయారని చెబుతారు. పౌర్ణమికి స్వామి కల్యాణం కాబట్టి గుడి చుట్టూ జీళ్లు, ఖర్జూరం, గాజుల కొట్లు. మా ముందు లైన్లో ఒకావిడ భుజం మీద నిద్రపోతున్న మనవడిని దించకుండానే గంట కొట్టించింది. దర్శనం తొందరగానే అయింది. నిజం చెప్పాలంటే నా మనసు గుడిలో లేదు.

గుడి నుంచి పాలకాయతిప్ప మీదుగా సాగర సంగమానికి వెళ్లాలి. గంగలో మునిగినవాళ్ల పాపాలన్నీ మోసి గంగమ్మ నల్లటి కాకిగా మారిందట. ఎన్ని తీర్థాల్లో మునిగినా తెల్లబడలేదట. ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి హంసై లేచిందట. హంసలదీవి అనే పేరు అలా వచ్చిందని చెబుతారు. తెల్లవారుజామునే వచ్చినవాళ్లు అప్పటికే తడి బట్టలతో తిరిగి వస్తున్నారు. ఒడ్డున మెరైన్ పోలీసులు తాడు కట్టి, దాటినవాళ్లను మైకులో పిలిచి మరీ తిడుతున్నారు. అక్కడ అల చూడటానికి చిన్నగానే ఉంటుంది, కాళ్ల కింద ఇసుకను మాత్రం లాగేస్తుంది.

నాన్న మునగడు. ఎన్నేళ్లుగా వస్తున్నా మునగడట. పంచె మోకాళ్ల పైకి కట్టి, నీళ్లలో మూడడుగులు వేసి ఆగాడు. నువ్వులు చేతిలో వేసుకుని, తాత పేరు, ముత్తవ్వ పేరు చెప్పి నీళ్లు వదిలాడు. వాళ్లు దొరకలేదు. దొరికినవాళ్లను కుప్పలుగా వేసి కాల్చారు, ఎవరు ఎవరో చూసే తీరిక ఎవరికీ లేదు. నువ్వులు కొన్ని ఆయన అరచేతికి అంటుకుపోయాయి. అల వచ్చినప్పుడల్లా చెయ్యి కడుగుతున్నాడు, ఒక గింజ మాత్రం వేలి సందులోంచి పోవడం లేదు. చివరికి దాన్ని గోటితో తీసి, నీళ్లలో వెయ్యకుండా, జేబులో వేసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నేను మునిగాను. నోట్లోకి ఇసుకతో సహా నీళ్లు పోయాయి. హంస అయినట్టు అనిపించలేదు గానీ చలికి పళ్లు టకటకలాడాయి.

పల్లెకు వెళ్లేసరికి మధ్యాహ్నం. పెద్దత్త చింతచిగురు ఎండురొయ్యల కూర, పీతల పులుసు చేసి పెట్టింది. తింటూనే కబుర్లు పోగుచేయడం మొదలుపెట్టాను. క్యాలెండర్ కాగితం తీసేసరికి ఇంటిల్లిపాదీ నవ్వారు. "ముసల్దానికి ఇంకా ఊరి ధ్యాసేనా!" అంటూనే ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. గంగమ్మ గుడికి పసుపు రంగేశారు, అదీ పెద్దత్తకు నచ్చలేదు. కళ్లు ఆపరేషన్ ఒకటే అయింది, రెండోది భయపడి మానేసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలైంది. "ఇరవై వేలు ఎక్కువే. మరి రెండు నెలలు వల మీద కూర్చునే ఇంటికి అది ఏ మూలకి?" అన్నాడు వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన. ఆయన కొడుకు వేట మానేసి గచ్చిబౌలిలో డెలివరీ బాయ్‌గా చేస్తున్నాడట. హైదరాబాద్‌లో నాకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడి సంగతి ఇంత దూరం వచ్చి తెలుసుకున్నాను.

ఇంకో కబురు. వారం కింద వల్లో పెద్ద తాబేలు పడితే విడిపించి సముద్రంలోకి తోశారు. ఈ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొస్తాయి. అటవీశాఖవాళ్లు గుడ్లను ఏరి కంచె వేసి పొదిగిస్తారు. దాన్ని విడిపించడానికి కొత్త వల కోయాల్సి వచ్చిందని, ఆ నష్టం ఎవరిస్తారని మళ్లీ అక్కడ గొడవ. ఇదీ రాసుకున్నాను.

బోరు నీళ్లు నేనే తాగి చూశాను. ఉప్పే.

ఎండ తగ్గాక "పద నాన్నా, చెట్టు చూద్దాం" అన్నాను. నాన్న వెంటనే లేవలేదు. కండువా దులిపాడు, మళ్లీ భుజాన వేసుకున్నాడు. తుఫాను షెల్టర్ పక్క నుంచి, గట్టు మీద చాలా దూరం నడిచాం. ఒక రొయ్యల చెరువు దగ్గర ఆగాడు. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు నాలుగు గరగరా తిరుగుతున్నాయి, నురుగు తెల్లగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. కాపలావాడి రేకుల పాక, దాని ముందు మేత సంచులు.

"ఏదీ?" అన్నాను.

చెరువు మధ్యకు చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ రెండో ఏరేటర్ ఉంది చూడు, దానికి కాస్త ఇటు."

చెట్టు కొట్టేసి ఎనిమిదేళ్లయిందట. చెరువు తవ్వినవాళ్లకు అదేం చెట్టో తెలీదు. అడగాలని ఎవరికీ తోచలేదు. "మొదటేడు చెబుదామనే వెళ్లా. బస్సు దిగి ఇంట్లోకి రాగానే, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా, చెట్టుందా అని అడిగింది. ఉందన్నా. ఒకసారి ఉందన్నాక మరుసటేడు లేదని ఎలా చెప్పను?" అని, కాసేపాగి, "నువ్వు కూడా ఉందనే చెప్పు" అన్నాడు.

పెద్దత్త రెండు కేజీల ఎండు రొయ్యలు, నెత్తళ్లు కట్టిచ్చింది. వాసన రాకుండా మూడు కవర్లు వేసినా, రాత్రి బస్సులో పక్క సీటాయన రెండుసార్లు ముక్కు ఎగబీల్చి మా వైపు చూశాడు.

సోమవారం పొద్దున ఇంటికొచ్చేసరికి నాయనమ్మ చాట ముందేసుకుని సిద్ధంగా ఉంది. రొయ్యలు చాటలో పోసుకుని తలలు తుంచుతూ ఒక్కో కబురూ వింది. పసుపు రంగు దగ్గర పెదవి విరిచింది. కన్ను దగ్గర "పిరికిది" అంది. వల కోసిన సంగతి విని, అది ఎవరి వలో అడిగి తెలుసుకుని, "వాళ్ల తాతా అంతే, తాబేలుకు దణ్ణం పెట్టి మరీ లెక్క రాసేవాడు" అంది. బోరు నీళ్లు ఉప్పే అంటే ఏమీ అనలేదు.

"చెట్టో?"

"ఉంది నాయనమ్మా." నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నవాడు విప్పుతూ ఉండిపోయాడు. ఒక్క మాటతో ఆపాల్సింది. ఆవిడ నన్నే చూస్తోంది, నాకు టెన్షన్. "బాగుంది. పచ్చగా ఉంది. ఈసారి గెలలు కూడా వేసింది, వేసవికి ముంజలు బాగా వస్తాయంట."

నాయనమ్మ చేతిలో రొయ్య ఆగింది. తర్వాత నవ్వింది, పళ్లు లేని నోటితో, శబ్దం రాకుండా.

"అది పోతుతాడే, కాయలెక్కడివి పిచ్చిమొహమా" అని, తల తుంచి, రొయ్యను చాటలో వేసింది. "మీ నాన్న నయం. ఉంది అని ఊరుకునేవాడు."